చీరల కొట్టు కవరులో ఆరోగ్య చరిత్ర

మా పిన్ని కొడుకు ఆరోగ్య చరిత్ర మొత్తం ఒక చీరల కొట్టు కవరులో ఉండేది. ఓపీ చీటీలు, రక్త పరీక్ష కాగితాలు, మడతపడ్డ ఎక్స్‌రే ఒకటి, వీటితోపాటు ఎందుకైనా మంచిదని రేషన్ కార్డు జిరాక్సు. ఎలకలు కొట్టకుండా ఆ కవరుని ఇంట్లో దూలానికి మేకు కొట్టి తగిలించేది పిన్ని. అరకులోయ ఏరియా ఆసుపత్రికి వెళ్ళినా, పాడేరు వెళ్ళినా, శుక్రవారం సంతకి వెళ్తూ దారిలో డాక్టరు గారికి చూపిద్దామనుకున్నా ముందు ఆ కవరు దిగాలి.

మా తమ్ముడికి సికిల్ సెల్. ఎర్ర రక్తకణాలు గుండ్రంగా ఉండాల్సింది కొడవలి ఆకారంలోకి వంగిపోయి, సన్న రక్తనాళాల్లో ఇరుక్కుపోతాయి. అప్పుడు వచ్చే నొప్పి చూసినవాళ్ళకే తెలుస్తుంది. రెండేళ్ళ కిందట వానాకాలంలో ఒక రాత్రి అలాంటి నొప్పే వచ్చింది. డోలీ కట్టి రోడ్డు దాకా మోశారు, అక్కణ్ణించి బండిలో కొండ దిగారు. ఆ హడావిడిలో కవరు తడిసిపోయింది. కింద పట్నంలో ఒక పెద్దాసుపత్రిలో డ్యూటీ డాక్టరు మూడే ప్రశ్నలు అడిగారు. ఖాయంగా సికిల్ సెల్ అని తేల్చిన పరీక్ష ఎక్కడ, హైడ్రాక్సీయూరియా ఎంత డోసు వాడుతున్నారు, ఆఖరిసారి రక్తం ఎప్పుడెక్కించారు. మా పిన్ని చెప్పగలిగింది ఒకటే, "పొద్దున్న ఒక గోళీ ఏస్తాను బాబూ." డాక్టరు తప్పేం లేదు, ఆయన మొదటి నుంచీ మొదలుపెట్టారు. ఆ పరీక్షలన్నీ అంతకుముందు చేసినవే. తమ్ముడు కోలుకున్నాడు గానీ ఒక రోజు పోయింది. నొప్పితో ఉన్న పిల్లాడికి ఒక రోజంటే ఎంతో చెప్పక్కర్లేదు.

నేను కంప్యూటర్ సైన్స్ మూడో సంవత్సరం. అది విన్నప్పుడు నాకొచ్చిన మొదటి ఆలోచన మీకూ వచ్చే ఉంటుంది. "ఇదేముంది, ఒక డేటాబేస్ పెడితే అయిపోద్ది కదా." ఎందుకు అయిపోదో తెలుసుకోవడానికి నాకు ఒక వేసవి సెలవులన్నీ పట్టాయి. అప్పుడు నేర్చుకున్నదే ఈ వ్యాసం.

రాస్తున్నది ఎవరి కోసం?

కొండ మీద రికార్డులు లేవనుకుంటే పొరపాటు. రికార్డులే రికార్డులు. కేంద్రం పెట్టిన లెక్క ప్రకారం మైదానంలో 5,000 మందికి ఒక ఆరోగ్య ఉపకేంద్రం ఉంటే, కొండ, గిరిజన ప్రాంతాల్లో 3,000 మందికి ఒకటి ఉండాలి. పీహెచ్‌సీ అయితే 30,000కి బదులు 20,000 మందికి ఒకటి. ఆ ఉపకేంద్రంలో పనిచేసే ఏఎన్ఎం గర్భిణుల పుస్తకం, టీకాల పుస్తకం, మలేరియా స్లైడ్ల పుస్తకం, మందుల స్టాకు పుస్తకం, ఇలా ఎన్నో రాస్తూ వచ్చింది. 2008లో దేశమంతటికీ ఆరోగ్య సమాచార పోర్టల్ వచ్చాక ఆ పుస్తకాల్లోని కూడికలు నెలనెలా పైకి వెళ్ళడం మొదలైంది. ఈ నెల ఎన్ని కాన్పులు, ఎన్ని టీకాలు, ఎన్ని జ్వరాలు.

ఇక్కడో తేడా గమనించాలి. "ఈ నెల 14 మందికి జ్వరం" అన్నది ప్రభుత్వానికి పనికొచ్చే సంఖ్య. "ఈ పిల్లాడికి ఈ ఏడాది నాలుగుసార్లు జ్వరం" అన్నది డాక్టరుకి పనికొచ్చే వాక్యం. మొదటిదాంట్లోంచి రెండోది తియ్యలేం. మనిషి పేరున వరసగా పేర్చిన రికార్డునే ఎలక్ట్రానిక్ హెల్త్ రికార్డు అంటారు. పుస్తకాన్ని ట్యాబ్‌లోకి ఎక్కిస్తే అది కంప్యూటరెక్కిన పుస్తకమే, అంతకు మించి ఏమీ కాదు.

ట్యాబ్‌లు వచ్చాక పథకానికో యాప్ వచ్చింది. గర్భిణికి ఆర్‌సీహెచ్ నంబరు, టీబీ రోగికి నిక్షయ్ నంబరు, బీపీ షుగర్ సర్వేకి ఇంకో యాప్. 2023 జులై 1న మధ్యప్రదేశ్‌లోని శహడోల్‌లో ప్రధాని సికిల్ సెల్ నిర్మూలన మిషన్ ప్రారంభించారు. గిరిజన ప్రాంతాల్లో 40 ఏళ్ళ లోపు 7 కోట్ల మందికి పరీక్ష చెయ్యాలన్నది లక్ష్యం. దానికి వేరే పోర్టల్. మా చుట్టాల్లో ఒక అక్క ఏఎన్ఎంగా చేస్తోంది. ఆమె మాటల్లో చెప్పాలంటే, "ఒకే మనిషి, అయిదు యాపులు. ఆళ్ళకి బీపీ సూడ్డానికి అయిదు నిమిషాలు, ఎక్కించడానికి పావుగంట. సిగ్నల్ పోతే మళ్ళీ మొదలు."

ఇది కొత్త కథేం కాదు. 2000ల మొదట్లో నల్గొండ జిల్లాలో ఏఎన్ఎంల చేతికి చిన్న హ్యాండ్‌హెల్డ్ యంత్రాలిచ్చి, ఇంటింటి వివరాలు అందులోనే నింపమన్న ప్రయోగం జరిగింది. అప్పటికి స్మార్ట్‌ఫోన్ అన్న మాటే మనకి తెలీదు, ఆ లెక్కన అది చాలా ముందుచూపు. కానీ యంత్రం వచ్చిందని కాగితం పుస్తకం పోలేదు, ఆ పనీ ఈ పనీ రెండూ ఒకే మనిషి మీద పడ్డాయి. పాతికేళ్ళ తర్వాత మా అక్క ట్యాబ్‌లో ఎక్కించి, మళ్ళీ ఎందుకైనా మంచిదని పుస్తకంలోనూ రాస్తోంది. ఆమెని తప్పు పట్టలేను. ట్యాబ్ చెడిపోతే సమాధానం చెప్పాల్సింది ఆమే.

ఆభా అంటే డేటా ఉన్న చోటు కాదు

ఈ విడివిడి డబ్బాలని కలపడానికే ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ వచ్చింది. 2020 ఆగస్టు 15న ప్రకటించారు, ముందు కేంద్రపాలిత ప్రాంతాల్లో నడిపి చూసి, 2021 సెప్టెంబర్ 27న దేశమంతటా మొదలుపెట్టారు. అందులో ప్రతి మనిషికీ వచ్చేది 14 అంకెల ఆభా నంబరు. దేశంలో ఇప్పటికి 70 కోట్లు దాటాయి, నమోదుల్లో ఆంధ్రప్రదేశ్ ముందు వరుసలోనే ఉంది.

చాలామంది (నాతో సహా) ఆభా అంటే ఢిల్లీలో ఎక్కడో పెద్ద సర్వర్లో మన రిపోర్టులన్నీ పెట్టేస్తారనుకుంటాం. అలా కాదు. రికార్డు ఎక్కడ పుట్టిందో అక్కడే ఉంటుంది, అరకు ఆసుపత్రిది అరకులో, విశాఖ ల్యాబ్‌ది విశాఖలో. మధ్యలో ఉన్నది దారి చూపే వ్యవస్థ మాత్రమే. విశాఖ డాక్టరు అరకు రికార్డు చూడాలంటే రోగికి ఒక అభ్యర్థన వస్తుంది. ఎవరు చూస్తారు, ఎందుకు, ఏ రకం కాగితాలు, ఏ తేదీ దాకా, ఇవన్నీ అందులో ఉంటాయి. రోగి ఒప్పుకుంటేనే డేటా కదులుతుంది. తర్వాత వద్దనుకుంటే ఆ ఒప్పుకోలు వెనక్కి తీసుకోవచ్చు. ఆ డేటా ఫైర్ అనే అంతర్జాతీయ ప్రమాణంలో, జేసన్ రూపంలో ప్రయాణిస్తుంది. మనం ల్యాబ్‌లో రాసే రెస్ట్ ఏపీఐలాంటిదే, కాకపోతే "రోగి", "పరీక్ష", "మందు" అన్న డబ్బాల ఆకారం ముందే నిర్ణయమై ఉంటుంది.

డిజైన్ చక్కగా ఉంది. ఇప్పుడు దీన్ని ఆ వానరాత్రికి తీసుకెళ్ళి పెట్టి చూడండి. ఒప్పుకోలు ఫోనుకి వస్తుంది. ఇంట్లో ఫోను ఒకటే, అది మా బాబాయి జేబులో ఉంది. బాబాయి డోలీ మోసి రోడ్డు దగ్గరే ఆగిపోయాడు. ఆభా చేయించినప్పుడు ఇచ్చిన నంబరు రీచార్జి చెయ్యక ఎప్పుడో పోయింది. ఇంకా ముఖ్యం, తమ్ముడి పాత చీటీల్లో ఒక్కటీ ఆ 14 అంకెలకి ముడిపడి లేదు. నంబరు ఉండడం వేరు, నంబరు కింద రికార్డు ఉండడం వేరు. నమోదుల లెక్క చూసి పని అయిపోయిందనుకోవడం బ్యాంకు ఖాతా తెరిచి డబ్బున్నాయనుకోవడం లాంటిదే.

కొర్రా సుక్రా ఎవరు?

నాకు అన్నిటికంటే ఎక్కువ ఆసక్తి పుట్టించినది ఈ భాగం, కాబట్టి కాస్త నిదానంగా చెప్తాను.

మా వైపు ఇంటిపేర్లు తక్కువ. కొర్రా, కిల్లో, పాంగి, వంతల, గొల్లోరి. ఇవి వంశాల గుర్తులు. కొర్రా అంటే సూర్యుడు, కిల్లో అంటే పులి, వంతల అంటే పాము. ఒక ఊళ్ళో సగం ఇళ్ళవాళ్ళది ఒకే ఇంటిపేరు కావడం మామూలే. పేర్లు చాలావరకు పుట్టిన వారాన్ని బట్టి పెడతారు. శుక్రవారం పుడితే సుక్రా, సుక్రి. బుధవారం అయితే బుద్రా, బుద్రి. వారానికి ఏడే రోజులు! ఇక పుట్టిన తేదీ కచ్చితంగా తెలియని పెద్దవాళ్ళ కార్డుల మీద జనవరి 1 అని ఉంటుంది. అంటే ఒకే ఊళ్ళో, ఒకే ఇంటిపేరుతో, ఒకే పేరుతో, ఒకే పుట్టినరోజుతో ఇద్దరుండొచ్చు. అదే సమయంలో ఒకే మనిషి ఇద్దరుగానూ ఉండొచ్చు. కొర్రాని ఇంగ్లీషులో కొట్టేటప్పుడు ఒక ఆపరేటరు ఒక 'ఆర్' వేస్తాడు, ఇంకొకరు రెండు వేస్తారు.

ఇద్దరు మనుషుల రికార్డు కలిసిపోతే ఒకరి రక్తం గ్రూపు ఇంకొకరికి వస్తుంది. ఒక మనిషి రికార్డు రెండైతే డాక్టరుకి సగమే కనబడుతుంది. రెండూ ప్రమాదమే, మొదటిది మరీ ప్రమాదం.

దీనికి గణితం ఉంది. 1969లో ఫెలెగీ, సంటర్ అనే ఇద్దరు గణాంక శాస్త్రవేత్తలు రికార్డులు జతచేసే పద్ధతికి ఒక సిద్ధాంతం రాశారు. ఒక వివరం రెండు రికార్డుల్లోనూ ఒకేలా ఉంటే దానికి ఎంత బరువివ్వాలి? ఆ రెండూ ఒకే మనిషివి అయినప్పుడు ఆ వివరం కలిసే సంభావ్యతని, వేరు మనుషులవి అయినా యాదృచ్ఛికంగా కలిసే సంభావ్యతతో భాగించి, 2 ఆధారంగా లాగ్ తీసుకోవాలి. ఒకే మనిషికి ఇంటిపేరు సరిగ్గా కలిసే అవకాశం 0.95 అనుకుందాం. పట్నంలో ఒక ఇంటిపేరు వెయ్యి మందిలో ఒకరికి ఉందనుకుంటే బరువు లాగ్ (0.95/0.001), దాదాపు 9.9. మా ఊళ్ళో నలుగురిలో ఒకరిది అదే ఇంటిపేరనుకుంటే లాగ్ (0.95/0.25), దాదాపు 1.9. ఒకే ఇంటిపేరు పట్నంలో బలమైన సాక్ష్యం, కొండ మీద దాదాపు సాక్ష్యమే కాదు. పట్నం డేటాతో సరిచూసుకున్న సాఫ్ట్‌వేర్‌ని అలాగే తెచ్చి ఇక్కడ పెడితే, మనుషుల్ని ఇష్టమొచ్చినట్టు కలిపేస్తుంది.

మరి ఇక్కడ బరువున్న వివరాలేవి? ఈ ప్రశ్న మా అక్కని అడిగితే ఆలోచించకుండా చెప్పింది. "అమ్మ పేరు, అమ్మ పుట్టిల్లు, ఎన్నో కానుపు." అంటే ఈ సుక్రా ఫలానా ఊరి ఆడపడుచుకి మూడో కాన్పు కొడుకు. మొత్తం మండలంలో అలాంటివాడు ఒక్కడే ఉంటాడు. ఆ మూడు గళ్ళూ ఫారంలో ఉండాలని ఏ ఇంజనీరుకి తట్టాలి? మొదటి కాన్పుకి ఆడపిల్ల పుట్టింటికి వెళ్తుంది, రికార్డు మాత్రం అత్తారింటి ఊళ్ళో ఉంటుంది. ముంచింగిపుట్టు వైపైతే పుట్టిల్లు కొండ అవతల ఒడిశాలో ఉండొచ్చు, అక్కడ రాష్ట్రమే వేరు.

సిగ్నల్ లేని చోట

2023 ఏప్రిల్ 6న రాష్ట్రంలో ఫ్యామిలీ డాక్టర్ విధానం మొదలైంది. పీహెచ్‌సీలో ఇద్దరు డాక్టర్లుంటే ఒకరు ఓపీలో ఉంటారు, ఇంకొకరు 104 బండిలో ఊళ్ళకి వెళ్తారు, నెలకి రెండుసార్లు. డాక్టరు ఊరికే వచ్చినప్పుడు రికార్డు కూడా ఊళ్ళో తెరుచుకోవాలి. టవర్లు పెరిగాయి నిజమే, కొండ మడతల్లోకి దిగితే ఇప్పటికీ గీత ఒకటి వచ్చి పోతుంటుంది. కాబట్టి యాప్ నెట్ లేకుండానే పూర్తిగా పనిచెయ్యాలి, సిగ్నల్ దొరికినప్పుడు సర్వర్‌తో కలవాలి.

కలిసేటప్పుడే అసలు తంటా. సోమవారం ఊళ్ళో అక్క తన ట్యాబ్‌లో "ఈ మందు పడలేదు, దద్దుర్లొచ్చాయి" అని ఎక్కించింది. మంగళవారం పీహెచ్‌సీలో అదే మనిషి వివరాల్లో ఫోన్ నంబరు మార్చారు. అక్క ట్యాబ్‌కి శుక్రవారం సంతలో సిగ్నల్ దొరికింది. మనం ప్రాజెక్టుల్లో మామూలుగా రాసేసేది "ఆఖరున రాసిందే చెల్లుతుంది" అన్న నియమం. ఆ లెక్కన సోమవారం వరస పాతది, మంగళవారం వరస కొత్తది, పాతది తీసిపారేస్తాం. పోయింది ఏమిటి? ఆ దద్దుర్ల సంగతి. షాపింగ్ యాప్‌లో ఇలా జరిగితే బుట్టలోంచి ఒక చొక్కా పోతుంది.

గిట్ వాడిన ప్రతివాడికీ దీనికి మందు తెలుసు. వరసని దిద్దకూడదు, జరిగినదాన్ని ఒక్కొక్క సంఘటనగా కిందకి కలుపుకుంటూ పోవాలి, దేన్నీ చెరపకూడదు. పడని మందుల జాబితా రెండు చోట్ల రెండు రకాలుగా ఉంటే రెండిటినీ కలిపి చూపించాలి. నిజంగా ఢీకొంటే మనిషినే నిర్ణయించమనాలి. ట్యాబ్‌లో గడియారం తప్పుండొచ్చని కూడా గుర్తుపెట్టుకోవాలి.

ఇంకో దారి, రికార్డులో అత్యవసరమైన భాగాన్ని కార్డు మీదే పెట్టడం. సికిల్ సెల్ మిషన్‌లో పరీక్ష అయినవాళ్ళకి కార్డులిస్తున్నారు. దాని మీద ఒక క్యూఆర్ వేసి అందులోనే సారాంశం పెడితే? అతి పెద్ద క్యూఆర్‌లో పట్టేది 2,953 బైట్లు. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు కోడ్ గుర్తుకి 3 బైట్లు పడతాయి. 'స్త్రీ' అన్న ఒక్క అక్షరం లోపల ఆరు గుర్తులు, అంటే 18 బైట్లు! అందుకే వాక్యాలు కాకుండా సంకేతాలు పెట్టాలి. జబ్బులకి స్నోమెడ్ సీటీ అనే అంతర్జాతీయ సంకేతాలున్నాయి, భారతదేశం అందులో 2014 నుంచి సభ్యదేశం. రోగం, నిర్ధారించిన పరీక్ష, మందు డోసు, ఆఖరి హిమోగ్లోబిన్, పడని మందులు. వంద రెండొందల బైట్లలో సరిపోతుంది. ఆ రాత్రి అడిగిన మూడు ప్రశ్నలకీ సమాధానం అందులో పట్టేది, నెట్టు లేకుండా, ఓటీపీ లేకుండా.

"ఒళ్ళు నొప్పులు"

డాక్టరు వైపునుంచి కూడా చూడాలి. ఓపీ నాలుగు గంటలు, బయట వంద మంది అనుకోండి. మనిషికి రెండున్నర నిమిషాల కంటే తక్కువ. అందులో ఒక నిమిషం టైపింగుకి పోతే ఇంకేం చూస్తారు? ఇది మనకే ఉన్న బాధ కాదు. అమెరికాలో 2009 చట్టంతో డాక్టర్ల క్లినిక్‌లకి ప్రోత్సాహకాలిచ్చి మరీ కంప్యూటర్ రికార్డులు పెట్టించారు, అవి దాదాపు అన్ని చోట్లా వచ్చాయి. 2016లో వచ్చిన ఒక అధ్యయనం చూస్తే, అక్కడి డాక్టర్లు రోగితో గడిపే ఒక్కో గంటకీ, కంప్యూటర్ మీదా కాగితాల మీదా దాదాపు రెండు గంటలు పెడుతున్నారు. మనం అక్కణ్ణించి తెచ్చుకోకూడనిది ఏదైనా ఉందంటే ఇదే.

మా దగ్గర ఇంకో పొర ఉంది. రోగి చెప్పేది ఆదివాసీ ఒడియాలోనో కువిలోనో, పక్కనున్న ఆశా దాన్ని తెలుగులో చెప్తుంది, డాక్టరు ఇంగ్లీషులో రాస్తారు. మా తమ్ముడికి అసలు రోగం తేలకముందు చీటీలు ఆ కవరులోవి నేను ఆరబెట్టి చూశాను. నాలుగు చీటీలు, నాలుగు వేర్వేరు నెలలు, మూడు వేర్వేరు చోట్లు. నాలుగింటి మీదా 'బాడీ పెయిన్స్' అనే ఉంది. నాలుగుసార్లూ నొప్పి మాత్రలే ఇచ్చారు. ఏ ఒక్క చీటీ తప్పు కాదు. ఎనిమిదేళ్ళ పిల్లాడికి ఏడాదిలో నాలుగుసార్లు ఒళ్ళు నొప్పులేమిటన్న అనుమానం, నాలుగూ ఒక్క చోట పరిస్తేనే వస్తుంది.

1968లోనే లారెన్స్ వీడ్ అనే అమెరికా డాక్టరు ఈ మాటే అన్నారు. రికార్డుని తేదీల ప్రకారం కుప్పపొయ్యడం కాదు, రోగి సమస్యల ప్రకారం పేర్చాలి, అప్పుడే అది డాక్టరుకి దారి చూపిస్తుందని. ట్యాబ్ ఎక్కడా కనిపించని రోజుల్లో చెప్పిన మాట.

చేసి చూపించినవాళ్ళు లేకపోలేదు. ఛత్తీస్‌గఢ్‌లో గనియారి అనే పల్లెలో జన్ స్వాస్థ్య సహయోగ్ ఆసుపత్రి గిరిజన గ్రామాల వాళ్ళకి వైద్యం చేస్తుంది. అక్కడి అవసరాలు చూసి, ఓపెన్‌ఎంఆర్‌ఎస్ అనే ఓపెన్ సోర్స్ పునాది మీద బాహ్మ్ని అనే సాఫ్ట్‌వేర్ కట్టారు. దాని కోడ్ ఎవరైనా తెరిచి చూడొచ్చు. మన హైదరాబాద్‌లో ఎల్.వి.ప్రసాద్ కంటి ఆసుపత్రి తన ఐస్మార్ట్ రికార్డుని తన డాక్టర్లతోనే సొంతంగా తయారుచేసుకుని, పల్లెల్లోని దృష్టి కేంద్రాల దాకా తీసుకెళ్ళింది. రెండిట్లోనూ నాకు నచ్చింది ఒకటే. వాడేవాళ్ళ పక్కన కూర్చుని రాసిన కోడ్ అది.

పిన్ని అడిగిన ప్రశ్న

సెలవుల ఆఖర్లో ఇదంతా ఉత్సాహంగా పిన్నికి చెప్పాను. కార్డు, క్యూఆర్, ఆభా. ఆమె ఓపిగ్గా విని, "బాగానే ఉంది గానీ, చెల్లిదీ అందులో కనబడుద్దా?" అంది.

చెల్లికి రోగం లేదు. ఆమె వాహకురాలు, అంటే జన్యువు ఒకటే ఉంది. ఇద్దరు వాహకులు పెళ్ళి చేసుకుంటే ప్రతి కాన్పులోనూ బిడ్డకి రోగం వచ్చే అవకాశం 25 శాతం. అందుకే పెళ్ళికి ముందు కార్డులు చూసుకోమంటారు, మంచి సలహానే. కానీ ఊళ్ళో అది "ఆ పిల్లకి రక్తంలో రోగం" అన్న మాటగా మారడానికి ఒక్క సంత చాలు. ఎవరైనా ఫోనుతో స్కాన్ చేసి చదివేసేలా ఆ క్యూఆర్ ఉంటే, నేను గొప్పగా చెప్పిన వంద బైట్లే ఆమె మెడకి గంటవుతాయి. అత్యవసరంలో ఓటీపీ లేకుండా తెరుచుకోవాలని అడిగింది నేనే. ఎవరుబడితే వాళ్ళకి తెరుచుకోకూడదని అడుగుతున్నది పిన్ని. 2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది, అందులో ఒప్పుకోలు గురించి ఉంది. సంతలో మాటలకి చట్టం ఏం చేస్తుంది?

ఇప్పటికి నాకు తట్టిన జవాబు ఇది. తమ్ముడి కార్డు, చెల్లి కార్డు ఒకేలా ఉండకూడదు. తమ్ముడిది ప్రాణం మీదకొచ్చే సంగతి, అతని సారాంశాన్ని ఏ ఆసుపత్రి యాప్ అయినా నెట్ లేకుండా తెరవగలగాలి, మామూలు ఫోను కెమెరాకి మాత్రం గజిబిజి అంకెలే కనబడాలి. ఎవరు తెరిచారో ఆ యాప్ రాసిపెట్టుకుని, సిగ్నల్ రాగానే చెప్పాలి. చెల్లిది అత్యవసరం కాదు, ఆమెది ఆమె ఒప్పుకుంటేనే, ఆమె ఎదురుగానే తెరుచుకోవాలి. తాళంచెవులు వందల ఆసుపత్రుల ట్యాబ్‌లలో ఎలా భద్రంగా ఉంచాలో, ఒక ట్యాబ్ పోతే ఏం చెయ్యాలో ఇంకా కాగితం మీదే గీస్తున్నాను. క్రిప్టోగ్రఫీ ఎలెక్టివ్ తీసుకున్నవాళ్ళెవరైనా ఉంటే క్లబ్ గదికి రండి, కూర్చుందాం.

ఆ కవరు ఇప్పటికీ దూలానికే ఉంది. ఈసారి లోపల ఇంకో ప్లాస్టిక్ సంచి వేసి మూతి కట్టింది పిన్ని.